గల్ఫ్ నుంచి తిరిగొచ్చాక ఇల్లు: అద్దెకా, సొంతానికా?



కువైట్‌లో పాతికేళ్లు డ్రైవరుగా చేసిన మా పెద్దన్న, వీసా ముగించుకునే ముందు ఫోనులో ఒక్కటే అడిగినాడు: "ఇల్లు చూసినావా?" నేను చూడలేదు. చూడకపోవడమే మంచిదైంది. ఎందుకో చెప్తాను.

ముందు అక్కడే ఉండిపోవచ్చు కదా అనే మాట. కువైట్‌లో మనవాళ్ల నివాసం పనితోనే ముడిపడి ఉంటుంది. కంపెనీ వాళ్లకు 18వ నంబరు ఇకామా, ఇళ్లలో పనిచేసేవాళ్లకు 20వ నంబరు. పని పోతే ఇకామా పోతుంది. ఇల్లు కొందామన్నా 1979 నాటి 74వ చట్టం మనబోటి విదేశీయులకు అడ్డం వస్తుంది. దుబాయిలో 2006 చట్టం తర్వాత కొన్ని ప్రాంతాల్లో విదేశీయులు కొనవచ్చు. 55 ఏళ్లు దాటినవారికి రిటైర్మెంట్ వీసా కూడా ఉంది. కానీ దానికి అడిగే ఆస్తి, ఆదాయం డ్రైవరు జీతానికి అందేవి కావు. కాబట్టి ముసలితనం కడపలోనో, రాయచోటిలోనో, రాజంపేటలోనో గడవాల్సిందే.

చేతికొచ్చేదెంత? కువైట్ ప్రైవేటు రంగ కార్మిక చట్టం (2010, 6వ నంబరు) ప్రకారం నెల జీతగాళ్లకు మొదటి ఐదేళ్లకు ఏడాదికి 15 రోజుల వేతనం, ఆ తర్వాత ఏడాదికి నెల వేతనం లెక్కగట్టి ఇస్తారు. మొత్తం ఏడాదిన్నర జీతానికి మించదు. 150 దినార్ల జీతమైతే పాతికేళ్లకు 2,700 దినార్లు. దినారు 270 రూపాయలనుకుంటే 7 లక్షల 29 వేలు. పింఛను లేదు. మిగతాదంతా మనం దాచుకున్నదే.

ఇప్పుడు అద్దె లెక్క. 50 లక్షల ఇంటికి నెలకు 12 వేలు అద్దె వస్తుందనుకోండి. ఏడాదికి 1 లక్షా 44 వేలు, అంటే నూటికి మూడు రూపాయలు కూడా కాదు. పన్ను, సున్నం, బోరు మోటారు ఖర్చు యజమానివే. ఉత్త లెక్కే చూస్తే అద్దెదే గెలుపు. అయితే డెబ్బై ఏళ్ల వయసులో "మా అబ్బాయి పెళ్లి, ఇల్లు ఖాళీ చేయండి" అని యజమాని అంటే ఆ లెక్క పనికిరాదు. అందుకే నా అభిప్రాయం ఇది: మొదటి ఏడాది అద్దెకుండాలి. ఆ వీధిలో మే నెలలో బోరు ఎండుతుందా, వాన పడితే నీళ్లు ఎంతవరకు వస్తాయి, ఇవన్నీ చూసుకోవాలి. 2020 నవంబరులో నివర్ తుఫానుకు బుగ్గవంక పొంగినప్పుడు కడపలో ఇళ్లలోకి నీళ్లొచ్చిన వీధులు మనకు తెలుసు. ఎండాకాలంలో స్థలం చూసి బయానా ఇచ్చినవాడికి అది కనబడదు. ఆ తర్వాత కొన్నా చిన్నది కొనాలి, మూడేళ్ల ఇంటి ఖర్చు చేతిలో ఉంచుకుని.

మన ఊళ్లలో "లీజు" ఇళ్లు ఇంకొక దారి. ఐదారు లక్షలు ఒక్కసారిగా యజమానికిచ్చి, అద్దె లేకుండా ఉండి, ఖాళీ చేసేటప్పుడు మొత్తం వెనక్కి తీసుకుంటారు. అప్పు మీద తీసుకునే లాభమే ఇది అని చాలామంది ఉలమా అంటారు. ఆ మాట పక్కనబెట్టినా, యజమాని దివాలా తీస్తే తెల్లకాగితం మీది ఒప్పందం చేతికి డబ్బు తేదు.

అన్నిటికన్నా ఎక్కువ ఇళ్లు పాడైంది పేరు దగ్గర. అన్న అక్కడ డబ్బు పంపుతాడు, తమ్ముడు తన పేరున రాయించుకుంటాడు. మా ఇంట్లోనే మా నాన్న తరంలో ఇలాగే జరిగి, ఇద్దరన్నదమ్ములు ఒకరి జనాజాకు ఒకరు పోలేదు. 2016లో సవరించిన బినామీ చట్టం భార్య పేరున, పిల్లల పేరున సక్రమమైన డబ్బుతో కొంటే ఒప్పుకుంటుంది. తోబుట్టువుల విషయంలో మాత్రం దస్తావేజులో డబ్బు పెట్టినవాడి పేరు కూడా జంటగా ఉండాలి. లేకుంటే ఆస్తే జప్తు కావచ్చు. ఇంకొకటి: ఎన్నారైగా ఉన్నంతకాలం వ్యవసాయ భూమి కొనకూడదు. ఇల్లు కొనొచ్చు. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ తీయకుండా అడ్వాన్సు ఇవ్వకండి, అమ్మేది సొంత మేనమామైనా సరే.

జకాత్ గురించి చాలామంది అడుగుతారు. తాముండే ఇంటిపై జకాత్ లేదు. అద్దెకిచ్చిన ఇంటి ధరపై లేదు. వచ్చిన అద్దెలో మిగిలి, నిసాబ్‌కు చేరి, ఏడాది నిలిచిన సొమ్ముపై నూటికి రెండున్నర. కానీ ధర పెరిగితే అమ్ముదామని కొన్న ప్లాటు సరుకు కింద లెక్క. ఏటా ఆనాటి ధరపై ఇవ్వాలి. నాలుగు ప్లాట్లు పెట్టుకున్నవారు ఈ లెక్క వేసుకుంటే, అమ్మడం మేలో ఉంచడం మేలో అప్పుడే తెలుస్తుంది.

వదిన మాట కూడా చెప్పాలి. పిల్లలున్న భార్యకు భర్త ఆస్తిలో వాటా ఎనిమిదో వంతే. కొడుకులు ఇల్లు అమ్ముకుంటే ఆమె ఎక్కడికి పోవాలి? బతికుండగానే హిబా చేసి, స్వాధీనం అప్పగించి, రిజిస్టరు చేయిస్తే ఆ భయం ఉండదు. మా అన్న ప్రస్తుతం అల్మాస్‌పేటలో అద్దెకున్నాడు. రంజాన్ తర్వాత రెండు గదుల ఇల్లొకటి చూసినాడు. బయానా ఇంకా ఇవ్వలేదు. దస్తావేజు వదిన పేరున రాయించాలని మాత్రం ముందే తేల్చేసినాడు.