సాంబ మసూరి సంచిలో ఉన్నది ఏ సాంబ మసూరి?

రోహిణి కార్తె వచ్చిందంటే విత్తనాల దుకాణాల ముందు సందడి మొదలైనట్టే. బీపీటీ సన్నాలు వేసే రైతు ముందు ఇప్పుడు రెండు సంచులు ఉంటాయి. ఒకటి 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204. రెండోది 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి, ఆర్పీ బయో 226. చెరో గుప్పెడు తీసి అరచేతిలో పోసుకు చూడండి. గింజ సన్నదనంలో గానీ, పొట్టు రంగులో గానీ తేడా పట్టుకోవడం తలపండిన వరి రైతుకూ కష్టమే. తేడా బయటపడేది ఎండాకు తెగులు వచ్చిన ఏడే. అప్పటికి పెట్టుబడంతా పొలంలో ఉంటుంది. సంచి మార్చుకునే వీలు ఉండదు.

ఇంత పోలిక కావాలనే తెచ్చారు. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి బీపీటీని తెగులు తట్టుకునే వరితో సంకరం చేసి, వచ్చిన మొక్కల్ని నాలుగు తరాల పాటు మళ్లీ బీపీటీతోనే సంకరపరిచాయి. గింజ, అన్నం బీపీటీవే. అదనంగా చేరినవి తెగులును తట్టుకునే మూడు జన్యువులు: ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ21. వీటిలో ఎక్స్‌ఏ21 మొదట దొరికింది ఆఫ్రికా అడవి వరిలో. ఈ ఇంప్రూవ్డ్ రకం జన్యుమార్పిడి పంట అని కొన్ని ఊళ్లలో అనుకుంటున్నారు. కాదు, పుప్పొడితో చేసిన మామూలు సంకరమే. అయితే మొదటి రెండు జన్యువులూ జంటగా కాక ఒక్కో ప్రతిగానే ఉంటే మొక్కలో గుణం పైకి కనిపించదు. ఉన్నదీ లేనిదీ తేల్చడానికి లేత ఆకు ముక్కలోని డీఎన్‌ఏనే చూడాల్సి వచ్చింది. ఆ పరీక్షే ఈరోజు మీ సంచికీ పనికొస్తుంది.

డీఎన్‌ఏ అంటే నాలుగే నాలుగు అక్షరాలతో రాసిన పొడవాటి వరుస. రకానికీ రకానికీ మధ్య కొన్ని చోట్ల ఆ అక్షరాలు పెరుగుతాయి, కొన్ని చోట్ల తగ్గుతాయి. ఎక్స్‌ఏ21 ఉన్నచోట ఒక ముక్కను పీసీఆర్ యంత్రంలో లక్షల ప్రతులు తీస్తే, ఇంప్రూవ్డ్ రకంలో అది దాదాపు 950 అక్షరాల పొడవు వస్తుంది. పాత బీపీటీలో 700 దరిదాపుల్లోనే ఆగిపోతుంది. ఈ ముక్కల్ని జెల్ పలక చివరన ఉండే చిన్న గుంటల్లో పోసి కరెంటు పెడతారు. ముళ్లకంపల్లోంచి గేదె కన్నా మేకపిల్ల ముందు బయటపడ్డట్టు, పొట్టి ముక్క ముందుకు జారుతుంది, పొడవుది వెనకబడుతుంది. రంగు పట్టించి అల్ట్రావయొలెట్ దీపం కింద పెడితే అడ్డగీతలు మెరుస్తాయి. గీత ఎక్కడ ఆగిందో చూసి, గింజ ఏ సాంబ మసూరిదో చెప్పేస్తారు. ఒకే గింజలో రెండు గీతలూ కనిపిస్తే పక్క పొలం పుప్పొడి పడిందన్న అనుమానం రావాలి. పూర్వం ఈ పని డీఎన్‌ఏను ఎంజైములతో ముక్కలుగా కోసి, రోజుల తరబడి శ్రమపడి చేసేవారు. ఇప్పుడు అంతకన్నా చాలా త్వరగా తేలిపోతుంది.

ఒక్క గింజను పరీక్షిస్తే సంచి సంగతి తేలదు. కల్తీ పదో వంతు ఉంటే, మీరు పంపిన గింజ మంచిదే అయ్యే అవకాశం పదికి తొమ్మిది పాళ్లు. అందుకే గింజల్ని మొలిపించి, మొక్క మొక్కకూ విడివిడిగా చూస్తారు. హైబ్రిడ్ పత్తిలో, హైబ్రిడ్ వరిలో ఈ పరీక్ష ఇంకా సులువు. తల్లి వరుసది ఒక పొడవు, తండ్రి వరుసది మరో పొడవు, అసలైన హైబ్రిడ్‌లో రెండు గీతలూ ఉంటాయి. ఒక్క తల్లి గీతే ఉంటే ఆ గింజ హైబ్రిడ్ కాదు. ధ్రువీకరించిన హైబ్రిడ్ వరికి కనీసం 95 శాతం, పత్తికి 90 శాతం జన్యు స్వచ్ఛత ఉండాలి. పొలంలో పెంచి చూసే పరీక్షకు ఒక పంటకాలం పడుతుంది. కాబట్టి ఫలానా లాటుకు డీఎన్‌ఏ పరీక్ష చేశారా అని డీలరును అడగండి. అడగడానికి మొహమాటం దేనికి?

మొలక శాతం మాత్రం ఈ గీతలు చెప్పవు. చచ్చిన గింజలోనూ డీఎన్‌ఏ ఉంటుంది. వంద గింజల్ని తడిగుడ్డలో చుట్టి మొలకలు లెక్కపెట్టడం మానకండి. వరికి 80కి తగ్గితే ఆ సంచి తిప్పి పంపండి.

బిల్లు, ట్యాగు, లాటు నంబరు ఉన్న ఖాళీ సంచి కోత అయ్యేదాకా దాచండి. ధ్రువీకరణ విత్తనానికి నీలం ట్యాగు, ట్రూత్‌ఫుల్ లేబుల్ విత్తనానికి ఆకుపచ్చ లేబుల్ ఉంటుంది. గుప్పెడు విత్తనం పొడి సీసాలో వేసి పెట్టుకుంటే మరీ మంచిది. అది లేకపోయినా కంగారు వద్దు. గింజలోని డీఎన్‌ఏనే ఆకులోనూ ఉంటుంది గనుక, చేలో నిలబడ్డ మొక్క ఆకుతోనూ రకం తేల్చవచ్చు. నాసిరకం విత్తనంతో నష్టపోయిన రైతు వినియోగదారుడి కిందికే వస్తాడని, పరీక్ష కోసం రైతు విత్తనం దాచి ఉంచాలని ఆశించకూడదని 2012లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులో స్పష్టం చేసింది. చేలో కేళీలు, అంటే వేరే రకం మొక్కలు కనిపిస్తే వెంటనే పీకేయకండి. ముందు మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా చెప్పి, చేను చూపించాక పీకండి.

బీపీటీ 5204 వేసేవాళ్లకు ఇంకో మాట. కాండం తొలుచు పురుగు గుడ్లు పోతాయని నాటేటప్పుడు నారు కొసలు తుంచుతాం. ఎండాకు తెగులు ఏటా వచ్చే పొలాల్లో ఆ పని వద్దు. తుంచిన గాయంలోంచే బ్యాక్టీరియా లోపలికి వెళుతుంది. ఆకు అంచులు పసుపు పచ్చగా మారి ఎండుతుంటే, పసుపూ పచ్చా కలిసే చోట ముక్క కోసి గాజు గ్లాసులో నీళ్లలో వదలండి. కాసేపటికి కోసిన అంచు నుంచి పాలలాంటి చార దిగితే తెగులు అదే. యూరియా వెంటనే ఆపి, మడిలో నీరు తీసేయండి. ఆ నీటిని పక్క మడిలోకి మాత్రం వదలకండి.