మార్లవాయిలో గోండు యువకుల శిక్షణ

పల్లె యువకులను సర్కారు కొలువునకు సిద్ధపరచు పని ఆదిలాబాదు అడవులలో 1943 లోనే మొదలయ్యెను.

1940 లో జోడేఘాట్ వద్ద కుమురం భీము మరణించిన పిమ్మట, గోండుల కష్టములను విచారించుటకు నిజాము ప్రభుత్వము మానవశాస్త్రవేత్త హైమెండార్ఫును నియమించెను. ఆస్ట్రియా దేశీయుడగు ఆయన, భార్య బెట్టీతో కూడ మార్లవాయిలో గుడిసె వేసికొని నివసించెను. గోండులు దున్నుచున్న భూములు అప్పటికే పరుల పేర పట్టాలగుచుండెను. కాగితము చదువగలవాడు గూడెములలో అరుదు. పట్వారీ చెప్పినదే లెక్క, అటవీ జవాను అడిగినదే జరిమానా.

ఇందులకై మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము వెలసెను. కొంచెము మరాఠీ చదువు వచ్చిన గోండులతోనే పని ప్రారంభించిరి. వాచకములు గోండి భాషలో, నాగరి లిపిలో అచ్చుపడెను. ముందు ఇంటి మాటలో అక్షరములు, పిదప కచేరీ భాషయగు ఉర్దూ. పరభాషతోనే ఆరంభించియుండినచో పిల్లలు రెండవనాడే పశువుల వెంట పోయియుందురు! అట్లు చదివినవారిలో పలువురు ఉపాధ్యాయులైరి. కొందరు గ్రామాధికారులుగను, అటవీశాఖలోను చేరిరి.

నేడు పట్టభద్రులకు కరీంనగరము, ఆదిలాబాదు పట్టణములలో వెనుకబడిన తరగతుల స్టడీ సర్కిళ్ళు పోటీపరీక్షల శిక్షణ నొసగుచున్నవి. మంచిదే. అయితే పరీక్ష నెగ్గుట వేరు, గోండి తప్ప మరొక మాట రాని వృద్ధురాలి అర్జీ వినగలుగుట వేరు. మార్లవాయి యువకులకు ఈ రెండవది పుట్టుకతోనే వచ్చియుండెను, కొరవడినది మొదటిదే.

బెట్టీ 1987 లో మరణించెను. ఆమె సమాధి మార్లవాయిలోనే యున్నది.