కబీరుదాసు జన్మవృత్తాంతము: సాక్ష్యవిచారణము

మహాపురుషులు గతించినపిదప వారి కులగోత్రములను గూర్చి కలహించుట లోకమున పరిపాటి. పదునైదవ శతాబ్దమున కాశీక్షేత్రమున వర్ధిల్లిన కబీరుదాసు విషయమున ఈ కలహము నేటికిని సమసిపోలేదు. ఆయన జులాహాలను మహమ్మదీయ నేతపనివారి యింట జన్మించెనని కొందరందురు. బ్రాహ్మణ వితంతువొకతె ఆయనను కని, లోకనిందకు వెరచి లహర్తారా తటాకముచెంత విడిచిపోగా, నీరూ నీమా యను జులాహా దంపతులు తెచ్చి పెంచిరని మరికొందరందురు. ఈ రెంటిలో నేది విశ్వాసపాత్రమో విచారింతము.

మేము న్యాయవాదవృత్తియం దుండుటచే ఆ వృత్తి నేర్పిన మార్గముననే నడతుము. గతించినవారు బంధుత్వమును గూర్చి చెప్పిన మాట సాక్ష్యముగా గ్రాహ్యము కావలెనన్న రెండు లక్షణము లుండవలయును: ఆ సంగతి నెరుగుటకు వారికి విశేషావకాశ ముండవలయును; వివాదము పుట్టక పూర్వమే ఆ మాట చెప్పబడి యుండవలయును. 1872వ సంవత్సరపు సాక్ష్యచట్టమున 32వ సెక్షను ఈ నియమమును విధించెను. 2024లో దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునను ఇది నిలిచియున్నది. కారణము సుబోధము. వ్యాజ్యము పడినపిమ్మట వ్రాయబడిన వంశవృక్షము వ్రాయించినవాడు కోరినవైపునకే కొమ్మలు వేయును.

చరిత్రవిషయమున ఈ నియమమును అక్షరశః పాటింప వీలులేకున్నను, దాని సారమును గ్రహింపవచ్చును. మొదటి సాక్షి కబీరే. 1604లో సంకలితమైన ఆదిగ్రంథమున ఆయన పేర నున్న పదములలో, ఒక బ్రాహ్మణునితో వాదించుచు, తాను కాశీ జులాహానని నిస్సంకోచముగ చెప్పుకొనెను. రెండవ సాక్షి రైదాసు. ఆయనయు కాశీవాసియే, చర్మకారకులజుడు. అదే గ్రంథమునందలి ఆయన పదమొకటి, బక్రీదు పండుగనాడు గోవధ చేయుచు పీరులను కొలుచు కులమున పుట్టియు కబీరు లోకప్రసిద్ధుడయ్యెనని కొనియాడుచున్నది. ఈ మాట నిందించుటకు గాక స్తుతించుటకు చెప్పబడినది. కావున దీనియందు ద్వేషమును శంకింప వలనుపడదు. మూడవ సాక్షి 1600 ప్రాంతమున కబీరు చరిత్రమును పద్యములలో రచించిన అనంతదాసు. అతడును కాశీ జులాహా యనియే చెప్పెను. పేరును ఇట్లే పలుకుచున్నది. కబీరనునది గొప్పవాడను అర్థముగల అరబ్బీ శబ్దము. మహమ్మదీయులు ఈశ్వరునకు వాడు నామములలో నొకటి.

వితంతువుకథ యన్ననో, ఈ తొలి సాక్ష్యములలో నెచ్చటను కానరాదు. చిరకాలమునకు తరువాత వెలసిన భక్తచరిత్రములలోనే అది తలయెత్తినది.

ఇచట నొక యాక్షేపణము కలదు. కబీరు పదములనిండ రామనామమును, యోగుల పరిభాషయు నుండగా, ఆయన మహమ్మదీయుల యింటివాడెట్లగునని యడుగుదురు. హజారీప్రసాద ద్వివేది 1942లో ప్రకటించిన గ్రంథమున దీనికి సమాధానము చెప్పెను: నాథయోగుల ననుసరించుచుండిన గృహస్థులగు నేతవారు కొన్ని తరములకు ముందే ఇస్లామునందు చేరియుందురనియు, పాత భావములు వారి యిండ్లలో నిలిచియుండెననియు ఆయన యభిప్రాయము. ఇది యనుమానప్రమాణమే, ఐనను ఆక్షేపణమును తొలగించుటకు చాలును. పరభాషను పలుకుటకు పరకులమున పుట్టనక్కరలేదు.

మేమును ఒక విషయమున జాగరూకులమై యుండవలయును. సంస్కారవాదులకు జులాహా కబీరు ప్రియుడు. ప్రియమైన తీర్పును మరింత కఠినముగ పరీక్షింపవలయును. కబీరు పదములు చిరకాలము నోటినుండి నోటికి ప్రాకినవి. ఆయన పేర నితరులు చెప్పినవియు పెక్కులు చేరినవి. అందుచే ఒక్క పదమును నమ్ముకొని తీర్పు చెప్పుట తగదు. వేర్వేరు సాక్షులు ఏకవాక్యముగ పలుకుటయే ఇచట బలము. ఆయన జులాహా యింటివాడనుట రుజువైనది. బ్రాహ్మణగర్భమున పుట్టెననుట రుజువుకాలేదు. రుజువుచేయు భారము ఆ మాట చెప్పువారిదే.

ఆ కథ యెవరికి కావలసివచ్చినది? బ్రాహ్మణ రక్తములేనిచో జ్ఞానము పుట్టదని నమ్మినవారికి. ఐనను ఆ కథనే మరల చదువుడు. కడుపున పుట్టిన శిశువును తల్లి చెరువుగట్టున విడిచిపోవలసినంత భయము ఆమెకు కలిగించిన దెవరు? కథ చెప్పినవారు కబీరునకు కులము నిచ్చిరి గాని, ఆమెను భయపెట్టిన యాచారమును గూర్చి ఒక్క మాట యనలేదు. కులగౌరవమును నిలుపుటకు కల్పింపబడిన కథయే ఆ కులమునందలి క్రౌర్యమునకు సాక్ష్యమైనది.

మగహరునందు కబీరునకు హిందువుల సమాధియు, మహమ్మదీయుల మజారును ప్రక్కప్రక్కనే నేటికిని నిలిచియున్నవి. చదువరులు ఏ మహాత్ముని వంశకథను వినినను నాలుగు ప్రశ్నలను వేసికొందురుగాక: ఎవరు చెప్పిరి? ఎప్పుడు చెప్పిరి? వారి కెట్లు తెలిసెను? ఆ మాటవలన నెవరికి లాభము? తమకు నచ్చిన కథ వినినపుడు ఈ ప్రశ్నలను రెండుమారులు వేసికొందురుగాక.