జల ఉషకు మోటారు, బ్యాటరీ

మథురాకాటి, ఖరగ్‌పూర్

చిరంజీవి మనవడికి తాతయ్య దీవించి రాయునది.

నీ ఉత్తరం, ఫొటోలు అందాయి. అన్నీ వదిలి జల ఉషను ఎంచుకున్నావని చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. స్వతంత్రం వచ్చాక మన దేశంలో కట్టిన మొదటి ఓడ అది. 1948 మార్చి 14న విశాఖలో నెహ్రూ గారి చేతుల మీదుగా నీళ్ళలోకి దిగింది. దాన్ని నూరో వంతుకు కుదించి నీ చేత్తో కడుతున్నావు. ముక్కు దగ్గర పలకల అతుకు ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతికినా నాకు దొరకలేదు. మంచి పనితనం నాన్నా.

కానీ నువ్వు కొంటానన్న రెండు వస్తువులూ దీనికి పనికిరావు. రేసు కార్లకు వేసే 540 మోటారు, లిథియం పాలిమర్ బ్యాటరీ. రెండూ మంచివే, పరుగెత్తే వాటికి. నీది ఎనిమిది వేల టన్నులు మోసే సరుకుల ఓడ.

ముందు బరువు లెక్క చూడు. నూరో వంతు నమూనాలో పొడవు, వెడల్పు, లోతు మూడూ నూరేసి రెట్లు తగ్గుతాయి. కాబట్టి బరువు పది లక్షల రెట్లు తగ్గుతుంది. టన్నుకు పది లక్షల గ్రాములు. అంటే అసలు ఓడలో టన్ను నీ పడవలో సరిగ్గా గ్రాము. ఆ ఎనిమిది వేల టన్నులు నీకు ఎనిమిది కిలోలు! ఖాళీ హల్‌ను, అంటే పడవ డొల్లను, చెరువులో వదిలితే బెండులా తేలి పక్కకు పడిపోతుంది. రంగు మారే నీటిగీత దాకా అది మునగాలంటే ఆ కిలోలన్నీ ఏదో ఒకటి నింపాల్సిందే. తేలిక బ్యాటరీకి డబ్బు పోసి, మళ్ళీ ఇనప ముక్కలు పేర్చడం దేనికి? యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల సీల్డ్ లెడ్ బ్యాటరీ రెండు కిలోల పైచిలుకు తూగుతుంది. దాన్ని హల్ అడుగున, సరిగ్గా నడిమి గీత మీద బిగించు. తక్కిన బరువు సీసం గుళ్ళతో సరిపెట్టుకోవచ్చు.

ఇక వేగం. దీన్ని విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు తేల్చాడు. మన రైల్వే వాళ్ళకు చుట్టం లాంటివాడే, ఓడల్లోకి రాకముందు బ్రునెల్ కింద రైలు మార్గాలు వేశాడు. 1870లలో టార్కీలో పొడవాటి నీటి తొట్టె కట్టి నమూనా ఓడలను లాగి చూశాడు. మన ఐఐటీలో నావల్ ఆర్కిటెక్చర్ వాళ్ళకూ అలాంటి తొట్టె ఉంది. ఆయన సూత్రం ప్రకారం వేగం కొలతతో పాటు నూరు రెట్లు తగ్గదు, దాని వర్గమూలమంత, అంటే పది రెట్లే తగ్గుతుంది. పది నాట్లతో పోయే ఓడ నమూనా ఒక నాటుతో, సెకనుకు అర మీటరు పోవాలి. గట్టు మీద నేను నడిచే నడక కంటే నెమ్మది. ఆ వేగంలోనే ముక్కు దగ్గర లేచే అల అసలు ఓడ అలలా ఉంటుంది. అంతకు మించితే చూసేవాడికి బొమ్మ పడవే కనిపిస్తుంది.

నీ ప్రొపెల్లరు 45 మిల్లీమీటర్లు అన్నావు. దాని పిచ్, అంటే ఒక్క చుట్టుకు ముందుకు సాగే దూరం, కూడా అంతే అనుకుంటే, నీళ్ళలో జారిపోయేది పోగా నిమిషానికి వెయ్యి చుట్లు చాలు. నీ 540 ఏమో 7.2 వోల్టులకే పదిహేను వేలు దాటుతుంది. దాన్ని సన్నగా తిప్పితే బలం చాలదు, గట్టిగా తిప్పితే నీళ్ళు నురగై ఆంపియర్లు మంచినీళ్ళలా ఖర్చవుతాయి. 12 వోల్టులకు మూడు నాలుగు వేల చుట్లు తిరిగే బొద్దు మోటారు తీసుకుని, పళ్ళ బెల్టుతో రెండున్నర రెట్లు తగ్గించు. పది కిలోల పడవ గట్టు ముందు ఆగాలంటే వెనక్కి తిప్పే శక్తి కూడా మిగలాలి.

బ్యాటరీ మీద 7 అని ఉందని ఏడు ఆంపియర్లు లాగితే గంట వస్తుందనుకోకు. ఆ అంకె ఇరవై గంటల పాటు నెమ్మదిగా లాగితే వచ్చేది. ఏడు లాగితే ముప్పావు గంట కూడా రాదు. రెండు లాగితే ఒక సాయంత్రమంతా హాయిగా నడుస్తుంది. ఎంత లాగుతుందో ఊహించొద్దు, కొలువు. సిమెంటు తొట్టెలో పడవను చేత్తో పట్టుకుని, మల్టీమీటరు తీగను 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, కొద్ది సెకన్లు తిప్పి చూడు.

ఫ్యూజు మాటకొస్తే, ఇది నా అనుభవం. ముప్పై ఏళ్ళు రైలు పెట్టెల లైట్లు, బ్యాటరీలు చూసినవాణ్ణి, ఇంట్లో నేను కట్టిన పడవకు ఫ్యూజు వేయలేదు. క్వార్టర్ల వెనక చెరువులో, చలికాలం పొద్దున్న, పడవ గుర్రపు డెక్కలోకి దూరింది. ఇక్కడివాళ్ళు కచురీపానా అంటారు. నల్లటి వేళ్ళు, తడి జుట్టులా, ప్రొపెల్లరు చుట్టూ బిగిశాయి. మోటారు ఆగిపోయింది, కరెంటు ఆగలేదు. ఆగిన మోటారు తిరిగే మోటారు కంటే ఎన్నో రెట్లు లాగుతుంది. చిమ్నీలోంచి పొగ వస్తుంటే పిల్లలు నిజం ఆవిరి ఓడని చప్పట్లు కొట్టారు. నేను ఈదుకుంటూ వెళ్ళేసరికి వైర్ల తొడుగు కరిగి డెక్కు లోపల నల్లబడి ఉంది. ఆరు నెలల పని పోయింది. నీకలా కాకూడదు. బ్యాటరీ ప్లస్ తీగకు జానెడు దూరం లోపలే కారు బ్లేడు ఫ్యూజు పెట్టు. స్పీడ్ కంట్రోలరు మోటారు ఆగిపోయినప్పటి కరెంటును కాసేపైనా తట్టుకునేది కొను.

చార్జింగుకు బ్యాటరీని బయటకు తియ్యి, లేదా మూతలన్నీ తెరిచి ఉంచు. లెడ్ బ్యాటరీ విడిచే గాలి మూసిన హల్‌లో పోగైతే ఒక్క నిప్పురవ్వ చాలు. వాడిన రోజే నిండా చార్జి చెయ్యి. ఖాళీగా పెట్టేస్తే నెలల్లో చస్తుంది.

దసరాకు వస్తున్నావు కదా. మోటారు, బ్యాటరీ అక్కడ కొనకు, రైల్లో మోయకు. గోల్ బజార్ వైపు వెళ్ళి ఇద్దరం చూసి తీసుకుందాం. నా దగ్గర 55 వాట్ల హెడ్‌లైటు బల్బు ఉంది. దుకాణంలోనే బ్యాటరీకి తగిలించి అయిదు నిమిషాలు మీటరు చూస్తే, 11 వోల్టుల కిందికి జారేది పాతదని తెలిసిపోతుంది. నువ్వు హల్, షాఫ్టు, ప్రొపెల్లరు తీసుకురా. షాఫ్టును తడి బట్టలో చుట్టకు, తుప్పు పడుతుంది. గ్రీజు రాసి కాగితంలో చుట్టు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య