బెజవాడలో కొలువు, నందిగామలో కాపురం

నందిగామలోనో జగ్గయ్యపేటలోనో సొంతిల్లు ఉండి, విజయవాడలో ఉద్యోగం వచ్చిన వాళ్లను మొదట పట్టి పీడించే ప్రశ్న ఒకటే: కాపురం మార్చాలా, అప్ అండ్ డౌన్ చేయాలా? నా మాట ముందే చెబుతాను. నందిగామ వాళ్లు ధైర్యంగా తిరగొచ్చు. పేట వాళ్లు మాత్రం లెక్క వేసుకున్నాకే తేల్చుకోవాలి.

నందిగామ నుంచి బెజవాడ సుమారు 50 కిలోమీటర్లు, పేట నుంచి 75 దాటుతుంది. చూడ్డానికి తేడా కొద్దిదే. కానీ గడప దాటిన దగ్గర్నుంచి ఆఫీసులో హాజరు పడేదాకా ఎంత పడుతుందో చూడండి. హైదరాబాద్ నుంచి వచ్చే బస్సులు చాలావరకు పేట ఊళ్లోకి రావు, చిల్లకల్లు దగ్గర హైవే మీదే ఎక్కాలి. అక్కడిదాకా ఆటో. బెజవాడ బస్టాండులో దిగాక బెంజి సర్కిల్ వైపు వెళ్లాలంటే మళ్లీ ఆటో. ఒక్కో వైపు రెండు గంటలు అనుకున్నా, 25 పనిదినాలకు 100 గంటలు రోడ్డు పాలే. అదే ఆఫీసు ఇబ్రహీంపట్నంలోనో గొల్లపూడిలోనో ఉంటే దారిలోనే దిగిపోతారు. అప్పుడు పేట నుంచి తిరిగినా గిట్టుబాటే.

బండి మీద రోజూ వెళ్లొస్తానంటే నేను ఒప్పుకోను. నందిగామ నుంచైనా నెలకు 2,500 కిలోమీటర్లు. లీటరుకు 50 ఇచ్చే బండి 50 లీటర్లు తాగుతుంది. ఖర్చు సంగతి అలా ఉంచండి, చీకటి పడ్డాక లారీల మధ్య ఆ హైవే మీద అలసిన కళ్లతో బండి నడపడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అయితే హైదరాబాద్ నుంచి వచ్చే అంతర్రాష్ట్ర సర్వీసుల్లో అది చెల్లదు. అందుకే మీ వేళకు ఏ బస్సు ఉందో డిపోలో కనుక్కోండి. సాయంత్రం ఆఖరి బస్సు ఎప్పుడన్నది అంతకన్నా ముఖ్యం.

వానాకాలాన్నీ లెక్కలోకి తీసుకోండి. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారి మునిగింది. 2024 సెప్టెంబరు మొదట్లోనూ వరదకు ఈ దారి తెగింది. బెజవాడలో రెండు రాత్రులు తలదాచుకునే చుట్టాలిల్లో, స్నేహితుడి గదో ముందే చూసిపెట్టుకోవాలి.

ఇంకో మాట. మీరు ఆరింటికి బస్సు ఎక్కాలంటే, క్యారేజీ కట్టే మనిషి నాలుగున్నరకే లేవాలి. ఆ మనిషిని అడగకుండా నిర్ణయం తీసుకోవద్దు.

కొలువు పర్మినెంటు కాకపోతే, పిల్లల చదువు ఏడాది మధ్యలో ఉంటే, వేసవి సెలవుల దాకా తిరగండి. ఈలోగా ఒంట్లో ఓపిక తగ్గినా, నెలలో నాలుగైదు సార్లు హాజరు ఆలస్యమైనా మొండికెయ్యకుండా అద్దె ఇల్లు వెతుక్కోండి. సొంతింటిని అద్దెకిస్తే బెజవాడ అద్దెలో కొంత అదే తీరుస్తుంది.