అన్నమయ్య పాట అందరిదీ... మరి ఆ రికార్డింగ్ ఎవరిది?

పోయిన వారం పెట్టిన వీడియో కనబడటం లేదేంటని చాలామంది అడిగారు. తీసేసింది నేనే. ఈ వారం పాఠం నా తప్పుతోనే మొదలుపెడతాను.

ఆ వీడియోలో అన్నమయ్య కీర్తనకి అర్థం చెబుతూ వెనకాల వేణువు పెట్టాను. నెట్‌లో దొరికింది, డౌన్‌లోడ్ చేశాను, అంతే. రెండు రోజులకి ఆ వేణువు వాయించినాయన దగ్గర్నుంచి మెయిల్. నాకు ముందు కోపమే వచ్చింది. "స్వామివారి పాట మీద మీకు హక్కేంటండీ" అని టైప్ చేశాను కూడా. పంపే ముందు అసలు చట్టం ఏమంటుందో చూద్దామని కూర్చున్నా.

మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచనకి రక్షణ రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. అన్నమయ్య పరమపదించింది 1503లో. కాబట్టి సాహిత్యం అందరిదీ. కానీ పాటంటే సాహిత్యం ఒక్కటే కాదు కదా. తిరుమల రాగిరేకుల మీద కీర్తన, రాగం పేరు ఉంటాయి గానీ ఎలా పాడాలో స్వరాలు ఉండవు. ఇవాళ మనం వినే వరసల్లో చాలా వరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు లాంటి పెద్దలు ఈమధ్య కాలంలో కట్టినవే. రాళ్లపల్లి వారు పోయింది 1979లో, నేదునూరి వారు 2014లో. అంటే వరసది వేరే లెక్క. రికార్డింగ్‌ది ఇంకో లెక్క, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. నేను ఎత్తుకొచ్చింది ఈ మూడోదాన్ని. ఐదొందల ఏళ్ల నాటి పాట అని వాదిస్తూ, మొన్నమొన్నటి శ్రమని తీసేసుకున్నా.

మరి పూజలో పాట వేసుకోవాలన్నా పర్మిషన్ కావాలా? అక్కర్లేదు. నిజమైన పూజా కార్యక్రమంలో పాడినా, రికార్డు వేసినా ఉల్లంఘన కాదని 52వ సెక్షన్‌లోనే ఉంది. కానీ మధ్యలో యాడ్లు వచ్చే నా వీడియో వ్రతం కాదు.

తాళపత్రాలకి నకళ్లు తీయబట్టే మన గ్రంథాలు బతికాయి, అప్పుడెవరు అనుమతి అడిగారు అంటారు కొందరు. ఈ మాట నాకిప్పటికీ బలంగానే అనిపిస్తుంది. కానీ త్యాగరాజస్వామి ముద్ర తీసేసి ఆయన కృతి పాడితే మనం ఒప్పుకుంటామా? ఆఫీసులో నేను రోజూ వాడే ఓపెన్ సోర్స్ కోడ్‌దీ అదే పద్ధతి. ఎంఐటీ లైసెన్స్ ఉంటే ఎంతైనా కాపీ చేసుకోవచ్చు, రాసినవాళ్ల కాపీరైట్ నోటీసు మాత్రం ఉంచాలి. కోడ్ దగ్గర అంత జాగ్రత్తగా ఉండే నేను, ఆ వీడియోలో ఆయన పేరు కూడా వేయలేదు.

అందుకే అనుమతి లేని కాపీ చట్టవిరుద్ధంగానే ఉండాలంటాను. శిక్ష దగ్గరే నా పేచీ. 63వ సెక్షన్ కింద తెలిసి చేస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. వ్యాపార లాభం కోసం కాకపోతే కోర్టు తగ్గించొచ్చు, నిజమే. అయినా భజన పాట వాట్సాప్‌లో పంపిన బామ్మగారినీ, పైరసీ అమ్ముకునేవాణ్ణీ ఒకే సెక్షన్ ముందు నిలబెట్టడమేంటి? డబ్బు చేసుకున్నవాడికి జైలు సరే. మిగతావాళ్లకి తీసెయ్యమనడం, నష్టపరిహారం చాలు.

టైప్ చేసిన మెయిల్ చెరిపేసి ఆయనకి ఫోన్ చేశాను. "స్టూడియోకి గంటకెంతో తెలుసా బాబూ?" అన్నారు. నాకు తెలీదు. ఆ వీడియోకి వచ్చిన యాడ్ డబ్బులు పంపించాను. పేరు కింద డిస్క్రిప్షన్‌లో కాదు, వీడియో మొదట్లోనే వేయమన్నారు. శనివారం అలాగే మళ్లీ పెడుతున్నా.