కౌండిన్య వనమున ఏనుగులు

చిత్తూరు జిల్లా పశ్చిమ భాగమున, పలమనేరు, కుప్పము ప్రాంతములలో కౌండిన్య అభయారణ్యము కలదు. పాలారున కలియు కౌండిన్య నదిని బట్టి దీనికి ఈ పేరు వచ్చినది. సుమారు రెండు శతాబ్దముల కాలము ఈ అడవులలో ఏనుగులు లేవు. 1980వ దశకమున కర్ణాటక, తమిళనాడు అడవులనుండి గుంపులు తరలివచ్చి ఇచట నిలిచినవి. వాని రక్షణకై 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్ల అడవి అభయారణ్యముగా ప్రకటింపబడినది.

ఆసియా ఏనుగు అంతరించు ప్రమాదముననున్న జంతువు. ఆడ ఏనుగు సుమారు 22 నెలలు గర్భము మోసి సాధారణముగా ఒక్క పిల్లనే కనును. మరల ఈనుటకు కొన్ని ఏండ్లు పట్టును. కావున ఒక్క ఏనుగు చచ్చినను ఆ లోటు త్వరగా తీరదు. 2023 జూన్‌లో పలమనేరు సమీపమున జాతీయ రహదారిపై లారీ ఢీకొని మూడు ఏనుగులు మరణించినవి.

పెరిగిన ఏనుగునకు దినమునకు సుమారు 150 కిలోల మేత కావలెను. ఇచటి అడవి పొడినేలలది; వేసవిలో కుంటలు ఎండును. అడవి అంచుననే వరి, రాగి, చెరకు, మామిడి తోటలుండును. ఆకలిగొన్న గుంపు చేనిలో దిగినచో రైతు పడిన ఒక కారు శ్రమ ఒక్క రాత్రిలో నేలపాలగును. అడ్డుపడిన మనుష్యుల ప్రాణములును పోయినవి. కోపముతోనో భయముతోనో కొందరు కంచెకు ఇంటి కరెంటు కలుపుదురు. అది చట్టరీత్యా నేరము. ఏనుగునే కాక, త్రోవన పోవు మనిషినిని, పశువునుకూడ చంపును.

అటవీశాఖ కందకములు త్రవ్వించినది. ప్రాణహాని లేని సౌరవిద్యుత్ కంచెలు వేయించినది. అయినను బండనేల వచ్చినచోట కందకము నిలిచిపోవును. ఏనుగులు తీగెలపై చెట్లను పడద్రోసి దారి చేసికొనును. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వము శిక్షణపొందిన నాలుగు కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించినది. కుంకీలు గుంపును అడవిలోనికి మరల్చగలవు గాని దాని దాహమును తీర్పలేవు. అడవిలో నీటికుంటలు, వెదురు, మఱ్ఱి, రావి వంటి మేతచెట్లు ఉన్ననే అది అచట నిలుచును.

గుంపు వచ్చినదని తెలిసిన రాత్రి ఒంటరిగా పొలమునకు పోరాదు. రాళ్లు రువ్వరాదు, చుట్టును గుమికూడరాదు. వెంటనే అటవీ సిబ్బందికి తెలుపవలెను. పైరు పోయిన రైతునకు పరిహారము సకాలమున అందవలెను. ఆ కుటుంబము పస్తుండగా ఏనుగుపై దయ చూపుమని దానికి బోధించుట ఎవరికిని తగదు.